వాదమున గెలుపు, ఇంటిలో క్షేమము



నలుగురు స్త్రీలు కూడినచోట చీరలును నగలును దక్క వేఱు ప్రసంగముండదని మునుపు పురుషులు పరిహసించెడివారు. అట్లు పరిహసించువారు నేడు మాతో చేవెళ్ళలో బస్సెక్కి మొయినాబాదువఱకు రావలయును. ఫోను తలాపున నుంచుకొని పరున్నచో మెదడు చెడునని యొకామె చెప్పును. అది వట్టి మాటయని వేఱొకామె యడ్డుపడును. ఉఱుము వేళ ఫోను ముట్టరాదని యొకరును, పెట్రోలు బంకులో దానిని చేతబట్టినచో మంటలు లేచునని యొకరును పలుకుదురు. ముక్కుమొగ మెఱుగనివారు సైతము ఈ విషయమున ఒకరితో నొకరు తగవులాడుదురు. విద్యుత్తు మన వంటయింటిలోనికి, పడకటింటిలోనికి, స్నానపు గదిలోనికిని వచ్చి చేరినది. దాని వెంబడి దానిని గూర్చిన భయములును వాదములును వచ్చినవి.

ఈ భయములలో తగినవేవి, తగనివేవి? తగిన భయమును ఎదుటివారి మనస్సున నాటుటెట్లు? ఈ రెండు ప్రశ్నలను గూర్చియే మేమిప్పుడు వ్రాయుచున్నాము. మే మొక వాదమున గెలిచి, ఆ గెలుపునకు పిదప మిక్కిలి సిగ్గుపడితిమి. ఆ సంగతి దాచక చెప్పినగాని ఈ వ్రాతకు ఫలము లేదు.

మా తండ్రిగారు మమ్ము బడికి బంపక యింటనే కూర్చుండబెట్టి అమరమును, భారతమును, పిదప అన్నంభట్టు తర్కసంగ్రహమును జెప్పిరి. గౌతముని న్యాయశాస్త్రమున మాటలాట మూడు విధములుగా జెప్పబడినది. నిజము నెఱుగగోరి యిరువురు చేయునది వాదము. నిజ మెట్లున్నను తానే గెలువవలెనని చేయునది జల్పము. తన కొక పక్షమే లేక, ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా బెట్టుకొన్నది వితండ. ఈ మూడు పేర్లను మేము చిన్ననాడే కంఠస్థము చేసితిమి. వాని భేదమును మాత్రము గడచిన వేసవిలో, మొయినాబాదున ఒక యినుప కూలరు ప్రక్కన నేర్చుకొంటిమి.

ఆ దినమున మా చుట్టముల యింట నిశ్చయతాంబూలములు. మా యింటివారు బడిపిల్లల పరీక్షల పనిలో నుండుటచే మే మొక్కరమే బయలుదేరితిమి. మా బస్సు బిజాపురపు రహదారి మీద, పెద్ద మఱ్ఱిచెట్ల నీడన పోవుచుండెను. మా ముందు బల్లపై నొక ముసలమ్మయు, ఆమె ప్రక్కన కళాశాలలో జదువు పడుచును గూర్చుండిరి. ఇరువురును ఒకరికొకరు క్రొత్తవారే. పడుచు ఫోను చెవిదగ్గఱ నుంచుకొని చాలసేపు మాటలాడెను.

“చెవికాడ అంతసేపు బెట్టకు బిడ్డా, మెదడుల గడ్డ లేస్తదంట,” అని ముసలమ్మ పలికెను.

“ఎవరు చెప్పిన్రు అవ్వా?”

“ఫోన్లనే వచ్చింది!”

బస్సులోని వారందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. కాని ముసలమ్మ భయము నవ్వి విడువదగినది కాదు. 2011వ సంవత్సరమున ప్రపంచారోగ్యసంస్థకు జెందిన కాన్సరు పరిశోధనాలయమువారు, ఫోనులు వెలువరించు రేడియో తరంగములను “కాన్సరునకు కారణము కావచ్చునేమో” యను తరగతిలో జేర్చిరి. ఆ “నేమో” యను మాట జారిపోయి, మిగిలినది లోకమంతట వ్యాపించినది. ఆ తరగతిలోనే పిదప కలబంద పూర్ణపత్రసారమును గూడ జేర్చిరన్న సంగతి యెవరికిని దెలియదు. నిశ్చయమైన సాక్ష్యము లేనివానినే ఆ తరగతిలో జేర్తురు. తరువాత ప్రపంచారోగ్యసంస్థ కోరికపై పండితులు 1994 మొదలు 2022 వఱకు వెలువడిన 63 పరిశోధనలను గూర్చి చూచి, ఫోను వాడుకకును మెదడులోని కాన్సరునకును సంబంధము కానరాలేదని 2024లో ప్రకటించిరి. ఎండలోని అతినీలలోహిత కిరణములకు మన చర్మకణములను చెఱచు శక్తి గలదు. ఫోను తరంగములకు అంతటి శక్తి లేదు. అవి కొంచెము వేడిని మాత్రము పుట్టింపగలవు. ఆ వేడికిని మన దేశమున హద్దు గలదు. కిలోగ్రామునకు 1.6 వాట్లకు మించి దేహమున జొరగూడదని 2012 నుండి నియమ మున్నది.

బస్సు ఒక బంకు ముందుగా బోవునప్పుడు మఱొక చర్చ పుట్టెను. బంకులో ఫోనెత్తినచో పెట్రోలు భగ్గుమనునని ఒకాయన ఆనబెట్టి చెప్పెను. అమెరికాలోని పెట్రోలు పరికరముల సంఘమువారు బంకులలోని అగ్నిప్రమాదములను సేకరించి చూచినప్పుడు, సెల్‌ఫోను వలన కలిగినదని రుజువైనది ఒక్కటియు దొరకలేదు. వాహనపు బల్లపై రాచుకొను బట్టల వలన దేహమున జేరు నిశ్చలవిద్యుత్తు, చేయి తగిలినప్పుడు చిన్న నిప్పురవ్వగా వెలువడి పెక్కు ప్రమాదములకు గారణమైనదని వారు తెలిపిరి. అయినను బంకులోని నియమమును మనము పాటింపవలసినదే. ఫోనులో మనస్సు మునిగియున్నవానికి ప్రక్కన పెట్రోలు పొంగుటయు గానరాదు.

ఉఱుముల విషయమున ముసలమ్మ మాట సగము నిజము. ఫోను పిడుగును బిలువదు. కాని చార్జరు గోడకు దగిలించియుండగా ఆ ఫోనున మాటలాడుట అపాయము, తీగ వెంబడి పిడుగు వచ్చును గనుక. ఇంతకన్న ముఖ్యమైన సంగతిని మాత్రము ఆ బస్సులో నొక్కరును చెప్పలేదు. వాన కురియగానే ఈ త్రోవలో బోవువారు బండ్ల నాపి పరుగెత్తునది ఆ మఱ్ఱిచెట్ల క్రిందికే. పిడుగులవేళ ఎత్తైన చెట్టు క్రింద నిలుచుటకన్న మించిన సాహసము లేదు. చేతిలోని ఫోనునకు వెఱచి దాని నార్పివైచి, మఱ్ఱినీడన ధైర్యముగా నిలుచుచున్నాము! భయము మనకు లేకపోలేదు. అది యుండవలసిన చోట లేదు.

ఈ తలపులతోనే మేము మొయినాబాదులో దిగితిమి. తెలిసినవారమను గర్వమును మాతోడనే దిగినదని యిప్పుడు తోచుచున్నది.

విందు జరుగు ఇంట వాకిలిలో పందిరి వేసిరి. పందిరి క్రింద నిలువెత్తు ఇనుప కూలరు గిఱ్ఱున దిరుగుచుండెను. దాని తీగకు ప్లగ్గు లేదు. రెండు కొనలను ఒలిచి, గోడలోని సాకెట్టు రంధ్రములలో దూర్చి, జారిపోకుండ అగ్గిపుల్లలు గ్రుచ్చిరి. కూలరునుండి కాఱిన నీటితో నేల తడిసియుండెను. పిల్లలు చల్లదనమునకై ఆ తడిలోనే కాళ్ళాడించుచుండిరి.

మేము చూచి యూరకుండలేక, దానిని పెట్టినవారెవరని యడిగితిమి. పెండ్లికొడుకు వైపు బంధువు, ఏబదియేండ్ల రైతు, ముందునకు వచ్చెను. అతడు మాకు కేవలము క్రొత్త.

“ఏం గాదమ్మా. పదేండ్ల సంది గిట్లనే పెడ్తున్న. మా బాయికాడ మోటరు గూడ నేనే జోడిస్త. ఒక్కనాడు గూడ ఏం గాలే,” అనెను.

పదియేండ్లు కాలేదు గనుక ఇక ముందును గాదనుట హేత్వాభాసమని, దీపము క్రింద పాము పది రాత్రులు కఱవకున్నంత మాత్రమున అది త్రాడు కాదని మేము చెప్పితిమి. చుట్టునున్న స్త్రీలు మెచ్చుకొనిరి. అతడు, “కరెంటు భూమిలకు పోతదంటున్నరు గద, మరి భూమ్మీద నిలవడ్డోళ్ళమందరం సచ్చిపోవాలె గదా!” అని నవ్వెను. అది ఛలమని, ఎదుటివారి మాటకు వేఱర్థము గల్పించుట యని మేము బదులు చెప్పితిమి. మఱల మెప్పు. మా కుత్సాహము హెచ్చెను. శాస్త్రము నుండి నాలుగు మాటలు తీసి అతనిపై విసరితిమి.

అప్పు డతడు స్వరము తగ్గించి యొక ప్రశ్న వేసెను. “మీ ఇంట్ల ఎర్తు ఉన్నదా అమ్మా? ఎన్నడన్న జూసిన్రా?”

“ఉన్నది. మా యింటి ప్లగ్గులన్నిటికిని మూడు కాళ్ళున్నవి,” అని మేము తడుముకొనక చెప్పితిమి.

అతడు మఱి మాటలాడక పందిరి వెలుపలికి బోయెను. మేము గెలిచితిమి. అందఱతో గూర్చుండి విందు గుడిచి, తాంబూలము దీసికొని, సాయంకాలపు బస్సులో చేవెళ్ళకు వచ్చితిమి. కూలరు మేము వచ్చువఱకును దిరుగుచునే యుండెను. అగ్గిపుల్లలు ఉన్నచోటనే యుండెను. వానిని దీయించుమని ఇంటి యజమానురాలితో నొక్క మాట చెప్పవలెనని మాకు తోచనే లేదు. మేము కోరినది కూలరు బాగగుట గాదు, ఆ మనుష్యుడు ఓడుట. దీని పేరే జల్పము.

రాత్రి పరుండినపుడు అతని ప్రశ్న చెవిలో మ్రోగెను. ఎన్నడైన చూచితిమా? చూడలేదు. ప్లగ్గునకు మూడు కాళ్ళున్నవని ప్రత్యక్షముగా నెఱుగుదుము గాని, గోడలోని మూడవ రంధ్రము వెనుక తీగ యున్నదో లేదో యెఱుగము. మఱునాడు విద్యుత్పనివానిని బిలిపించితిమి. అతడు మెయిను స్విచ్చు నార్పి పలకను విప్పి చూపెను. ఎఱ్ఱతీగ యున్నది, నల్లతీగ యున్నది. పచ్చతీగ యుండవలసిన చోట బూజుపట్టియున్నది. ఇల్లు కట్టించినవారు మూడు రంధ్రముల పలకను గోడకు బిగించిరే గాని, మూడవదానికి భూమితో సంబంధమే కల్పింపలేదు. ఏడేండ్లుగా మేము ఆ యింట ఇస్త్రీపెట్టెను, బట్టలుతుకు యంత్రమును, శీతలపేటికను తడిచేతులతో ముట్టుచుంటిమి. మా గొప్ప సమాధానము అసత్యమని అప్పుడు తేలినది.

ఆ పనివాడు మాకు జెప్పిన సంగతి మీకును జెప్పుదుము. విద్యుత్తు వచ్చుటకు ఒక తీగ, తిరిగి పోవుటకు ఒక తీగ యుండును. మూడవదియగు ఎర్తు తీగ ఆపత్కాలపు త్రోవ. దానిలో మామూలుగా ఏమియు బాఱదు. వచ్చు తీగయొక్క తొడుగు చిరిగి, అది యంత్రపు ఇనుపదేహమును దాకినప్పుడు, ఎర్తున్న యింట ఆ విద్యుత్తు భూమిలోనికి పెల్లుగా బాఱి, ఫ్యూజు పోవును. ఎర్తు లేని యింట ఆ ఇనుము 230 వోల్టులతో నిశ్శబ్దముగా నిలిచి, తన్ను ముట్టు చేతికొఱకు గాచియుండును. మూడుకాళ్ళ ప్లగ్గులో పై కాలు తక్కినవానికన్న లావును పొడవునై యుండుటకును గారణ మిదియే. అది ముందుగా లోపలికి బోవలెను, వెనుకగా వెలుపలికి రావలెను. దానిని విఱిచి రెండుకాళ్ళ సాకెట్టులో దూర్చుటయన, కాపలావానిని చంపి ఇల్లు తెఱచియుంచుటయే.

“మా యింట ఎం.సి.బి. యున్నది, అదియే పడిపోవును గదా” యని పలువు రందురు. మేము నట్లే యనుకొంటిమి. ఆ స్విచ్చు తీగలను గాచునది, మనుష్యులను గాదు. 16 ఆంపియర్ల స్విచ్చు, అంతకు మించిన విద్యుత్తు పాఱినగాని పడదు. గుండెమీదుగా 30 మిల్లీ ఆంపియర్లకు మించిన విద్యుత్తు కొద్ది క్షణములు పాఱినచో మనుష్యుని ప్రాణమునకు ముప్పు కలుగవచ్చును. మన యింట వెలుగు 9 వాట్ల చిన్న బల్బు గ్రహించునది సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. ఒక చిన్న దీపమును వెలిగింపజాలని విద్యుత్తు ఒక ప్రాణదీపము నార్పగలదు! ఆ స్విచ్చు హద్దు దీనికి ఐదువందల రెట్లకు మించినది. కావుననే ఆర్.సి.సి.బి. యను వేఱొక స్విచ్చు నేర్పఱచిరి. వచ్చు విద్యుత్తును బోవు విద్యుత్తును అది ఎల్లప్పుడును సరిచూచుచు, 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడగానే రెప్పపాటున ఇంటి విద్యుత్తు నాపును. దానిపై పరీక్షకై యొక చిన్న మీట యుండును. నెలకొకసారి దానిని నొక్కి, స్విచ్చు పడుచున్నదో లేదో చూచుకొనవలయును.

మా బస్సు మొయినాబాదు దాటి మెహదీపట్నమునకు బోవు త్రోవలోనే లంగరుహౌజు గలదు. 2022 అక్టోబరున ఆ ప్రాంతమున ఒక యింట నవదంపతులు స్నానపు గదిలో విద్యుదాఘాతము చేత మరణించిరి. గీజరునుండి విద్యుత్తు ప్రసరించియుండునని పత్రికలు వ్రాసెను. భర్త వైద్యుడు, భార్య వైద్యవిద్యార్థిని. వారు చదువులేనివారు గారు. గోడలోని సంగతి గోడ విప్పినగాని యెవరికిని దెలియదు.

మేము ఎర్తు గుంత త్రవ్వించి, బొగ్గును ఉప్పును వేయించి, పచ్చతీగను ప్రతి పలకకును గలిపించితిమి. ఆ పని ముగిసిన రెండుదినములకు మొయినాబాదునుండి మా చుట్టమామె ఫోను చేసెను. అదే కూలరు. ఎనిమిదేండ్ల పిల్లవాడు తడి కాళ్ళతో దానిని ముట్టుకొని విడిపించుకొనలేక పోయెనట. ఇంటి ముసలావిడ అతనిని బట్టుకొనక, పరుగెత్తిపోయి మెయిను స్విచ్చు దించెనట. పిల్లవాడు క్రిందబడెను. 108 బండి వచ్చి ఆసుపత్రికి దీసికొనిపోయెను. అరచేయి కాలినదే గాని ప్రాణము దక్కినది.

మే మా వార్త విని చాలసేపు మాటలాడలేకపోతిమి. ఆ దినమున కూలరును జూచినవారిలో అపాయ మెఱిగినవారము మే మొక్కరమే. ఎఱిగియు నేమి చేసితిమి? సభను మెప్పించితిమి.

పిల్లవానిని జూచుటకు పోయినపుడు ఆ రైతును అచ్చటనే యుండెను. మమ్ము జూచి తల వంచుకొనెను. మేము ముందుగా నతని యొద్దకు బోయి, “అన్నా, మీ రడిగిన ప్రశ్న మా యింటిని గాపాడినది. మా యింట ఎర్తు లేదు. ఆనాడు మేము తెలియకయే ఉన్నదంటిమి,” అని చెప్పితిమి. అతడు తల యెత్తి చూచెను. “నాకు మా బాయికాడ ఎర్తు లేక ఒకసారి బర్రె సచ్చిందమ్మా. అందుకే అడిగిన,” అని మెల్లగా పలికెను. ఆనాడే అతని నెందుకట్లడిగితివని మే మొక్క ప్రశ్న వేసియుండినచో ఈ మాట అప్పుడే వెలువడియుండెడిది. అతనికి దెలిసినది మాకును, మాకు దెలిసినది అతనికిని గలిసి, అగ్గిపుల్లలు ఆ మధ్యాహ్నమే ఊడియుండెడివి. వాదమనగా నిదియని అప్పుడు మాకు బోధపడినది.

మా పనివానినే పిలిపించి ఆ యింటిని బాగుచేయించిరి. రైతు దగ్గఱనుండి ప్రతి తీగను జూచెను. పని ముగియునపు డతడు మఱొక సంగతి యడిగెను. అతని మేనల్లుడు విద్యుత్తు స్కూటరు కొని, దాని బ్యాటరీని రాత్రులందు నడవలో, తాను పండుకొను మంచము ప్రక్కన చార్జి పెట్టుచున్నాడట. అది మంచిదేనా?

ఈసారి మేము గర్వముతో గాక, తెలిసిన నిజములను మాత్రము చెప్పితిమి. 2022 ఏప్రిలులో నిజామాబాదున ఒక యింటిలో రాత్రివేళ చార్జి పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి, అచ్చట నిద్రించుచున్న ఎనుబదియేండ్ల వృద్ధుడు మరణించెను. ఆ దినములలోనే విజయవాడలో పడకటింట చార్జి పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయెను, భార్యాబిడ్డలు గాయపడిరి. అదే యేడు సెప్టెంబరు 12వ తేదీన సికిందరాబాదులో ఒక వసతిగృహపు దిగువ అంతస్తులోని విద్యుత్తు స్కూటర్ల దుకాణమున మంటలు లేచి, పైనున్నవారిలో ఎనిమండుగురు ప్రాణములు గోల్పోయిరి. పిదప కేంద్రప్రభుత్వము బ్యాటరీల పరీక్షానియమములను గట్టిపఱచెను. అవి ఆ సంవత్సరము డిసెంబరు మొదలు అంచెలంచెలుగా అమలునకు వచ్చెను.

మన ఫోనులోను, పవరుబ్యాంకులోను, స్కూటరులోను ఉండునది ఒకే జాతి బ్యాటరీ, లిథియము బ్యాటరీ. దానిలో మండు స్వభావముగల ద్రవమున్నది. లోపలి పొరకు గాయమైనను, మితిమీఱి వేడెక్కినను, ఒక గదిలోని వేడి ప్రక్కగదికి, అది ఆ ప్రక్కగదికి బ్రాకి, ఆపశక్యము గాని మంటయగును. 2016లో ఒక ప్రసిద్ధ సంస్థ తన క్రొత్త ఫోనులు మండుచున్నవని లక్షలకొలది వెనుకకు దీసికొనెను. చిలుకూరి బాలాజీకి ప్రదక్షిణములు చేసి పిల్లలను విదేశములకు బంపు తల్లులు గమనింపవలసిన దొకటి గలదు. విమానమున పవరుబ్యాంకును అడుగున వేయు పెట్టెలో నుంచరాదు, చేతిసంచిలోనే యుంచవలెను. కంటి యెదుట పొగ లేచినచో ఆర్పవచ్చును, సరుకుల గదిలో నెవరు చూతురు?

కావున బ్యాటరీని మంచము ప్రక్కనగాని, ద్వారమున కడ్డముగాగాని చార్జి పెట్టరాదు. ఎండనబడి వచ్చిన స్కూటరును చల్లాఱనిచ్చి పిదప పెట్టవలెను. దానితో వచ్చిన చార్జరునే వాడవలెను. ఉబ్బిన ఫోను బ్యాటరీని అణచి మూత వేయక, వాడుట మానివేయవలెను. దిండు క్రింద ఫోను నుంచి చార్జి పెట్టుట కూడదు. దీనికి గారణము మెదడు గాదు, వేడి. చూచితిరా, ముసలమ్మ చెప్పిన ఆచారము మంచిదే, ఆమె చెప్పిన హేతువు వేఱు.

చార్జరు, పవరుబ్యాంకు కొనునప్పుడు భారత ప్రమాణముల సంస్థవారి రిజిస్ట్రేషను సంఖ్య చూడవలెను. గీజరు, ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచు కడ్డీల మీద ఐ.ఎస్.ఐ. ముద్ర చూడవలెను. ముద్రలను గూడ దొంగవి వేయువారున్నారు. “బి.ఐ.ఎస్. కేర్” అను ఉచితమైన యాపులో ఆ సంఖ్యను వేసిన, అది నిజమైనదో కాదో తెలియును. కూలరులో నీరు పోయునపుడు స్విచ్చు నార్పి ప్లగ్గును గూడ దీయవలెను. నీళ్ళలో కడ్డీ యుండగా వేడి చూచుటకు వ్రేలు ముంచరాదు. కరెంటు తీగ కట్టిన స్తంభమునకు బట్టలారవేయు ఇనుప దండెమును గట్టరాదు. స్విచ్చుపలక వేడెక్కినను, కాలిన వాసన వచ్చినను, లోపల నిప్పున్నదని యనుమానించి వెంటనే యార్పవలెను. వీధిలో తీగ తెగిపడినచో దగ్గఱకు బోక 1912 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎవరినైన విద్యుత్తు పట్టినపుడు వారిని ముట్టరాదు. ముందు మెయిను స్విచ్చు దించవలెను. అది యందకున్నచో ఎండిన కట్టెతో తీగను ద్రోయవలెను. మొయినాబాదు ముసలావిడకు శాస్త్రము రాదు. ఆమె ప్రేమతో బిడ్డను గౌగిలించుకొనక, బుద్ధితో స్విచ్చువైపు పరుగెత్తినది గనుకనే ఇరువురి ప్రాణములు నిలిచినవి.

ఇక వాదమును గూర్చి రెండు మాటలు. తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. శబ్దమనగా ఆప్తవాక్యము, అనగా తెలిసి, నిజము పలుకువాని మాట. ఫోనులో నూఱుచేతులు మాఱి వచ్చిన సందేశమునకు చెప్పినవా డెవడో లేడు. పేరు లేనివానిని ఆప్తుడనుట యెట్లు? కాని దానిని నమ్మిన మనుష్యుడు మన యెదుట నున్నాడు. అతని నవమానించినచో అతడు సందేశమును విడువడు, మనలను విడుచును. “ఇది మీకెట్లు తెలిసినది? మీ యింట నేమి జరిగినది?” అని యడిగినచో, భయమునకు వెనుకనున్న అనుభవము వెలికి వచ్చును. ఎదుటివాడు మన నడిగిన ప్రశ్నను వెంటనే త్రోసివేయక, మన యింటికి దెచ్చుకొని గోడ విప్పి చూడవలెను. మాట ముగిసిన పిదప ఎవరు గెలిచిరని గాక, అగ్గిపుల్లలు ఊడినవా లేదా యని చూచుకొనవలెను.

ఆ పిల్లవాని చేయి మానినది. ఆ రైతు ఇప్పుడు తన యూరిలో ఎవరింట శుభకార్యమైనను ముందుగా బోయి పందిరిలోని తీగలను జూచుచున్నాడట. అతని మాట జనులు మా మాటకన్న నెక్కువగా విందురు, అతడు “నేను తప్పు చేసిన” అని మొదలు పెట్టును గనుక. మేమును ఈ వ్రాతను అందుకొఱకే అట్లు మొదలు పెట్టితిమి.

అక్కలారా, చెల్లెండ్రారా! ఈ పత్రికను మడచి పెట్టుటకు ముందు మీ యింటి మూడవ రంధ్రము వెనుక తీగ యున్నదేమో తెలిసినవారిచే నొకసారి చూపింపుడు. ఉన్నచో సంతోషము. లేకున్నచో, మొయినాబాదు రైతు ప్రశ్న మీ యింటిని గూడ గాచినదగును.